వెల తక్కువయగుటయే దోషమా?

మన యిండ్లలో నొక వింత యాచారము ప్రబలియున్నది. పిల్లవానికి నీళ్లవిరేచనములు పట్టుకొనెనా, తండ్రి వానిని భుజముపై వేసికొని వైద్యునియొద్దకుఁ బరుగెత్తును. వైద్యుఁడు నాడి చూచి, కడుపు నొక్కి, నాలుక పరీక్షించి, "భయము లేదు. ఈ పొట్లము నీటిలోఁ గలిపి గుక్కగుక్కగాఁ ద్రాగింపుఁడు" అని చెప్పెనేని ఆ తండ్రి మొగము చిన్నఁబోవును. "అంతేనా అండీ? ఒక సూదిమందైన వేయరా? ఒక సెలైను సీసాయైన నెక్కింపరా?" అని యడుగును. వైద్యుఁడు మఱల నదియే చెప్పినయెడల, "ఈయనకేమియుఁ దెలియదు" అని గొణిగికొనుచు వీథి కావలనున్న మఱియొక వైద్యునియొద్దకుఁ బోవును. అచ్చట సూదియు గ్రుచ్చఁబడును, సీసాయు వ్రేలాడఁగట్టఁబడును, రూపాయలును జెల్లింపఁబడును. తండ్రి తృప్తితో నింటికి వచ్చును. తల్లి యిరుగుపొరుగువారితో "మావానికి రెండు సీసాలెక్కించినారు" అని యొక బిరుదమువలెఁ జెప్పుకొనును.

ఇది చదువురానివారి కథ యని మా చదువరులు తలంపవలదు. పట్టభద్రుల యిండ్లలోను, పత్రికలు తెప్పించుకొనువారి యిండ్లలోను, సంస్కారమును గూర్చి సభలలో నుపన్యసించువారి యిండ్లలోను మేమిదియే చూచుచున్నాము. వెల యెక్కువైనదే మందు, యంత్రమున్నదే వైద్యము, మనకర్థము కానిదే శాస్త్రము. ఈ మూఁడును నేఁటి చదువుకొన్నవారి మూఢవిశ్వాసములు. మన తాతలు తాయెత్తులు కట్టించిరని మనము నవ్వుదుము. అక్కఱలేని సీసాను గట్టించుకొనుటలో మనము తాతలను మీఱితిమి. ఈ వ్యాసమునందు మేము వాదింపఁబోవు విషయమొక్కటియే: ప్రాణములు కాపాడు సాధనములలోఁ గొన్ని మిక్కిలి సులభమైనవి, మిక్కిలి చవుకయైనవి, అవి వాడుకలోనికి రాకుండుటకుఁ గారణము వాని లోపము గాదు, మన గర్వము.

నీళ్లవిరేచనములచేతఁ జచ్చు శిశువును రోగమే చంపుచున్నదని మనము సామాన్యముగా ననుకొందుము. నిజమునకు వాఁడు ఎండిపోయి చచ్చుచున్నాఁడు. దేహమునందలి నీరును ఉప్పును బయటికిఁ బోవుచుండఁగా, పోయినదానిని దిరిగి పెట్టువారు లేక, వేసవినాఁటి చెఱువువలె నింకిపోవుచున్నాఁడు. ఉత్తనీళ్లు త్రాగించినఁ జాలదు. ఉప్పునీళ్లు మాత్రము త్రాగించినను జాలదు. ప్రేగుగోడలో నొక చిన్న ద్వారమున్నది. చక్కెరసత్తువయగు గ్లూకోజు ఉప్పును జేయి పట్టుకొని యా ద్వారము దాఁటించును. ఉప్పు పోయినచోటికి నీరు తనంతటఁ బోవును. ఈ మర్మమును 1960వ సంవత్సరమున రాబర్టు క్రేను అను శాస్త్రజ్ఞుఁడు లోకమునకుఁ దెలిపెను. కలరావంటి ఘోరవ్యాధియందుఁ గూడ నీ ద్వారము మూసికొనిపోదు. 1968వ సంవత్సరమున ఢాకా నగరములోని కలరా పరిశోధనాలయమున డేవిడు నాలిన్, రిచర్డు క్యాష్ అను యువవైద్యులు రోగులకు నోటిద్వారా నీ ద్రావకము నిచ్చి, సెలైను అక్కఱ మిక్కిలి తగ్గునని నిరూపించిరి.

నిరూపించినంతమాత్రమున నెవ్వరు నమ్మిరి? చదువులేని పల్లెప్రజ ఈ ద్రావకమును సరిగాఁ గలుపలేదనియు, వైద్యుఁడు లేనిచోట నిది యపాయకరమనియుఁ బెద్దలు సంశయించిరి. ఆ సంశయమును దీర్చినది మన దేశమే. 1971వ సంవత్సరమున తూర్పుబంగాళమునుండి ఇంచుమించుగాఁ గోటిమంది శరణార్థులు సరిహద్దు దాఁటి వచ్చిరి. వారి వెంటఁ గలరా వచ్చెను. పశ్చిమబంగాళములోని బన్‌గావ్ పట్టణపు ఆసుపత్రిలో రెండు గదులనిండ రోగులు నేలపైఁ బడియుండిరి. సెలైను సీసాలు నిండుకొనుచుండెను. అప్పు డచ్చట పని చేయుచుండిన దిలీప్ మహలనబీస్ అను వైద్యుఁడు గ్లూకోజును, వంటయుప్పును, తినుసోడాను దూచి, పొట్లములు కట్టించి, పీపాలలో నీటఁ గలిపించెను. రోగుల తల్లులును, అన్నదమ్ములును, ఆలుమగలును గిన్నెలతో ముంచుకొనిపోయి తమవారికిఁ దామే త్రాగించిరి. నర్సులు లేరు, సూదులు లేవు, మంచములు లేవు. అంతకు మునుపు ఆ శిబిరములలోఁ గలరా సోఁకినవారు నూటికి ముప్పదిమందివఱకు జచ్చుచుండిరి. ఈ ద్రావకము త్రాగినవారిలో మరణములు నూటికి నాలుగుకు లోపుగా దిగెను.

1978వ సంవత్సరమున లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక, ఉప్పును జక్కెరయుఁ గలసి ప్రేగు దాఁటుననుటను గనుఁగొనుట యీ శతాబ్దపు వైద్యములో నన్నిటికంటె ముఖ్యమైన ముందడుగు కావచ్చునని వ్రాసెను. ఇంతటి పని చేసిన మహలనబీస్ 2022వ సంవత్సరమున మరణించెను. మన ప్రభుత్వము వారికిఁ బద్మవిభూషణ బిరుదమును 2023లో, అనఁగా వారు పోయిన పిదప, ప్రకటించెను. మనిషిని సన్మానించుటలో నెంత యాలస్యము చేసితిమో, వారి మందును మన్నించుటలోను నంత యాలస్యమే చేయుచున్నాము. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునందు, విరేచనములు పట్టిన పిల్లలలో ఈ ద్రావకము త్రాగినవారు నూటికి 61 మంది మాత్రమేయని తేలినది. బన్‌గావ్ నాఁటికి ఏఁబదియేండ్లు నిండుచుండఁగా, మఱి తక్కిన ముప్పదితొమ్మండ్రు పిల్లల మాట యేమి?

"ఇది వైద్యుల ధనాశ" అని మనము వెంటనే తీర్పు చెప్పుదుము. పొట్లమునందు లాభము లేదు, సీసాయందున్నది. కాఁబట్టి వారు పొట్లము వ్రాయరని మన వాదము. ఈ వాదము వినుట కింపుగా నుండును. ఏలయన నిందులో మన తప్పేమియు లేదు. కాని యీ వాదమును బరీక్షించినవారున్నారు. కర్ణాటకమునందును బీహారునందును 253 పట్టణములలో రెండువేలకుఁ బైఁబడిన వైద్యులయొద్దకును మందులంగళ్లకును మనుష్యులను బంపి జరిపిన శోధనము 2024వ సంవత్సరమున సైన్స్ అను పత్రికలోఁ బ్రకటింపఁబడినది. వైద్యు లీ మందును వ్రాయకపోవుటకు లాభాపేక్షయు, మందు దొరకకపోవుటయుఁ గారణములే యైనను, అవి యొక్కొక్కటి నూటికి ఐదాఱు పాళ్లకు మించలేదు. నూటికి 42 పాళ్లకుఁ గారణ మొక్కటియే: "వచ్చినవారికి నిది యక్కఱలేదు, వారు దీనితోఁ దృప్తి పడరు" అని వైద్యు లనుకొనుట! వచ్చినవాఁడు నోరు తెఱచి, "నాకీ ద్రావకమే కావలెను" అని చెప్పినచోట్ల, ఆ మందును వ్రాయువారు నూటికి 27 మంది చొప్పున నధికమైరి.

చదువరులారా! ఈ యంకెను మఱియొకమాఱు చదువుఁడు. ఎవని పేరాసచేతనో మన బిడ్డ కీమందు దూరమగుచున్నదని మన మనుకొంటిమి. మన మౌనముచేతను, మన చిన్నఁబోయిన మొగముచేతను, మన సీసామోహముచేతను దూరమగుచున్నదని తేలినది. వైద్యుఁడు మన మనస్సు చదువఁబోయి తప్పు చదివినాఁడు. అట్లు చదువునట్లు మనమే యేండ్ల తరబడి వానికి నేర్పినాము. నిందింపవలసివచ్చిన వైద్యునితోఁ బాటు మనలను మనము నిందించుకొందము గాక!

ఇంటిలో జరుగు నపరాధ మింకొకటి కలదు. "లంఖణము పరమౌషధము" అను సామెతను బట్టుకొని, విరేచనములగు శిశువునకు నన్నముతోఁ బాటు నీళ్లును మాన్పించు గృహములు నేఁటికినిఁ గలవు. త్రాగినకొలఁది విరేచనములగుచున్నవి, కావున నీరీయవలదని ముసలమ్మ యనును. కోడలు నోరు మెదపదు. తిని తిని కడుపుబ్బినవానికి సామెత యొప్పును గాక. ఎండిపోవుచున్న శిశువునకు లంఖణ మౌషధము గాదు, శిక్ష. చనుఁబాలు త్రాగు బిడ్డకుఁ బాలు మానరాదు. అన్నము తిను బిడ్డకు మెత్తని యన్నము మానరాదు. పెద్దలయెడ గౌరవమనఁగా వారి పొరపాటునకు బిడ్డను బలియిచ్చుట కాదు.

ఇఁక గర్వము రోగి యింటియందు మాత్రమే కాదు, వైద్యుని హృదయమునందును గూడు కట్టుకొనునని చెప్పుటకుఁ జరిత్రమే సాక్షి. 1847వ సంవత్సరమున వియన్నా నగరపుఁ బెద్ద యాసుపత్రిలోఁ బ్రసవించు స్త్రీలకు రెండు శాలలుండెను. ఒకదానియందు వైద్యవిద్యార్థులు పని నేర్చుకొనుచుండిరి, రెండవదానియందు మంత్రసానులు. వైద్యుల శాలలో సూతికాజ్వరముచే మరణించు బాలింతలు మంత్రసానుల శాలలో మరణించువారికంటెఁ బెక్కురెట్లుండిరి. ఆ సంగతి యెఱిగిన గర్భిణులు తమ్ము రెండవ శాలలోనే చేర్చుకొనుఁడని మోకరిల్లి వేఁడుకొనుచుండిరఁట. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుఁడు దీనికిఁ గారణము వెదకెను. విద్యార్థులు శవములను గోసి పరీక్షించి, ఆ చేతులతోనే వచ్చి బాలింతలను ముట్టుచుండిరి. క్లోరిను కలసిన సున్నపునీళ్లతోఁ జేతులు కడుగుకొనక యెవ్వరును లోపలికి రారాదని యతఁడు కట్టడి చేసెను. ఆ యేఁటి ఏప్రిలు నెలలో నూటికి పదునెనిమిదిగా నుండిన మరణములు జూను నెలలో రెండింటికి దిగెను.

లోక మతనికి మ్రొక్కెనా? మ్రొక్కలేదు. తమ చేతులే మృత్యువును మోయుచున్నవను మాటను విద్వాంసులు సహింపలేకపోయిరి. ఒక యంత్రమును గొనుఁడనిన వారు గొనియుందురు. ఒక సిద్ధాంతమును జర్చింపుఁడనిన జర్చించియుందురు. చేతులు కడుగుకొనుఁడనుట వారికి నవమానమయ్యెను. 1849లో నతని యుద్యోగము పోయెను. 1865లో నతఁడు పిచ్చివారి యాసుపత్రిలో దిక్కులేక చచ్చెను. ఆ నడుమఁ బోయిన తల్లులెందఱో!

మనము వియన్నావారిని జూచి నవ్వరాదు. మడియు మైలయు నంటును మనకంటె నెక్కుడుగాఁ బాటించిన జాతి యేది? పురిటిమైలను బదిదినములు లెక్కపెట్టి పాటించు నిల్లే, పసిబిడ్డ నెత్తుకొనవచ్చిన బంధువుల చేతులకు సబ్బు చూపుటకు మొగమాట పడును. బజారునుండి వచ్చిన మామగారు నోట్లు లెక్కపెట్టిన చేతితోనే మనుమని నోట వ్రేలు పెట్టి ముద్దాడును. "మామయ్యగారూ, చేతులు కడుగుకొని రండి" అని కోడ లెట్లు చెప్పఁగలదు? ఎవరిని ముట్టరాదో మన యాచారమునకుఁ జక్కఁగాఁ దెలియును. ఎట్టి చేతితో ముట్టరాదో తెలియదు. కులమును బట్టి మైల నిర్ణయించిన బుద్ధి, క్రిమిని బట్టి మైల నిర్ణయించుట నేర్చుకొననొల్లకున్నది. ఆసుపత్రిలోనైనను, ఒక రోగిని ముట్టిన చేతితో మఱియొక రోగిని ముట్టఁబోవు డాక్టరును జూచి, "డాక్టరుగారూ, ఒక్కమాఱు చేతులు శుభ్రపఱచుకొందురా?" అని మర్యాదగా నడుగువారు నూటికొకరైన నుందురా? మంచములప్రక్క నేఁడు ఆల్కహాలుద్రవపు సీసాలున్నవి. ఇరువది ముప్పది క్షణములు రుద్దుకొనినఁ జాలును. లోపించినది ద్రవము గాదు, అడుగువాఁడును, అడిగించుకొనువాఁడును.

ఇంకొక సాధనము చూడుఁడు. అది వట్టి కాగితము. మన యింట వివాహము నిశ్చయమైనపుడు పురోహితుఁడు వచ్చి పట్టీ వ్రాయించును: పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, కొబ్బరిబోండములు, తలఁబ్రాల బియ్యము, దర్భలు. ఆయన వందలకొలఁది పెండ్లిండ్లు చేయించినవాఁడు; ఐనను బట్టీ లేక పని మొదలుపెట్టఁడు. ఎవ్వరైన దానిని ఆయన యజ్ఞానమునకు గుఱుతని తలంతురా? లేదు, ముహూర్తము తప్పునేమో యను జాగ్రత్తయందురు. మనుష్యుని కడుపు కోయునపుడు మాత్ర మట్టి పట్టీ యక్కఱలేదా? 2008వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థ శస్త్రచికిత్సకై 19 అంశముల పట్టీ నొకదానిని సిద్ధపఱచెను. ఈ రోగి పేరేమి? ఏ ప్రక్క కోయవలెను? కోఁతకు ముందీయవలసిన మందిచ్చితిమా? గదిలోనివా రొకరి నొకరెఱుగుదురా? కడుపు కుట్టుటకు ముందు గుడ్డలును బనిముట్లును లెక్కకు సరిపోయినవా? ఇంతియే. మన న్యూఢిల్లీతోఁ గూడ ఎనిమిది నగరములలోని యాసుపత్రులలో దీనిని బరీక్షింపఁగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8 కి దిగినవని 2009లోఁ బ్రకటింపఁబడినది.

శస్త్రవైద్యులలోఁ గొందఱు దీనిని బిల్లల యాటగాఁ జూచిరి. అప్పుడా పరీక్ష జరిపినవారు వైద్యబృందముల నొక ప్రశ్న యడిగిరి: "ఆ బల్లపైఁ బరుండువారు మీరే యైనచో నీ పట్టీని వాడవలెనందురా?" నూటికి 93 మంది "వాడవలెను" అనిరి! పరుల కడుపు కోయునపుడు జ్ఞాపకశక్తి చాలును; తన కడుపు కోయించుకొనునపుడు పట్టీ కావలెను. గర్వపు స్వరూపమును వర్ణించుట కింతకంటె వేఱు మాటలేల?

ఐనను సత్యము నంతయుఁ జెప్పవలయును. కెనడా దేశములోని ఆంటేరియో రాష్ట్రమున నూఱు ఆసుపత్రులకుఁ బైఁగా నీ పట్టీని నిర్బంధముగా వాడించిరి; అచ్చట మరణములు చెప్పఁదగినంత తగ్గలేదని 2014లోఁ దేలినది. దీనినిఁ జూపి "పట్టీ నిష్ప్రయోజనము" అనువా రున్నారు. మాకుఁ దోఁచునది వేఱు. పేరు పిలువకయే టిక్కు పెట్టినయెడల, గుడ్డలు లెక్కింపకయే లెక్క సరియని వ్రాసినయెడల, కాగిత మేమి చేయఁగలదు? సులభసాధన మనఁగా మనస్సు పెట్టనక్కఱలేని సాధనమని యర్థము గాదు. పెద్ద డాక్టరు పొరఁబడినపుడు చిన్న నర్సు నోరు తెఱచి చెప్పఁగల గదిలోనే పట్టీ పని చేయును.

చిన్నవారి నోటినిఁ జేతిని నమ్మినచో నేమి జరుగునో మన పొరుగుననే యొక నిదర్శన మున్నది. తెలంగాణమున కానుకొనియే, ప్రాణహిత కావలి యొడ్డున మహారాష్ట్రములోని గడ్చిరోలీ జిల్లా యున్నది. అచ్చట అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు పల్లెపడుచులకు శిక్షణ మిచ్చి, అప్పుడే పుట్టిన శిశువులను దూచుటయు, వెచ్చఁగాఁ గప్పి యుంచుటయు, ఊపిరులు లెక్కించుటయు, క్రిమిదోషమును గుఱుతించి మందిచ్చుటయు నేర్పిరి. అంకెలు సరిగా రాని మంత్రసానులకై, పూసలు జరపుచు నూపిరులు లెక్కించు నొక చిన్న పరికరమును గూడఁ గల్పించిరి. ముప్పదితొమ్మిది గ్రామములలో నిట్లు చేయఁగా, ఈ యేర్పాటు లేని గ్రామములతోఁ బోల్చి చూచినయెడల, నెలలోపు శిశుమరణములు మూఁడేండ్లలో నూటికి 62 పాళ్లు తగ్గినవని 1999లో లాన్సెట్ పత్రిక ప్రకటించెను. 2011లోఁ గేంద్రప్రభుత్వము నీ పద్ధతి ననుసరించి, ఆశా కార్యకర్తలచేఁ బసిబిడ్డల నింటియొద్దనే చూపించు నేర్పాటు చేసెను. ఆ యాశా కార్యకర్త మన గుమ్మమునకు వచ్చినపుడు మనమేమి చేయుచున్నాము? "మేము పెద్దాసుపత్రికిఁ బోవుదుములే" అని వాకిటనుండియే పంపివేయుచున్నాము. ఆమె చీర సాధారణమైనది, చదువు కొద్ది, కులము మన కులము గాకపోవచ్చును. ఆమె చేతిలోని త్రాసు మాత్రము సరిగానే తూఁచును.

ఇచ్చట మాపై నొక యాక్షేపణ రాఁగలదు. "మీరు బీదలకు బీదవైద్యమే చాలునని వాదించుచున్నారు, ప్రభుత్వ మీమాట వినిన ఆసుపత్రులు కట్టుట మానివేయును" అని కొందఱందురు. ఈ యాక్షేపణమును మేము చులకన చేయము. వాంతులాగక, సోలిపోయి, త్రాగలేని శిశువునకు సెలైనే ప్రాణము. దానిని సరిగా నెక్కింపఁగల యాసుపత్రి ప్రతి మండలమునందు నుండి తీరవలెను. శుభ్రమైన నీ రిచ్చుట ప్రభుత్వపు విధి. పొట్లము లిచ్చి యా విధినుండి తప్పించుకొనరాదు. కాని చవుక మందు బీదవానికి మాత్రమే యను మాట మాది కాదు. ధనికుని బిడ్డ ప్రేగునకును గూలివాని బిడ్డ ప్రేగునకును ద్వారమొక్కటియే. తేలికగా నున్న విరేచనములకు ధనికుని బిడ్డను సూదితోఁ బొడిపించుట యా బిడ్డకు భాగ్యము గాదు, బాధ. అక్కఱలేనివాని చేతఁ గట్టిన సీసా అక్కఱయున్నవానికి మంచము లేకుండఁ జేయుచున్నది.

మఱియొక భ్రమను గూడఁ దొలఁగింపవలెను. చవుకయైనదెల్ల మంచిదని మేమనుట లేదు. తాయెత్తును జవుకయే, విభూతియుఁ జవుకయే. మేము పొగడుచున్నది చవుకతనమును గాదు, పరీక్షకు నిలిచిన చవుకతనమును. పైఁ జెప్పిన ప్రతి సాధనమును లెక్కలు వ్రాసి, తూచి, పోల్చి, సందేహించి, మఱలఁ బరీక్షించి నిలువఁబెట్టినవే. లెక్కకు నిలువనిది బంగారపు పెట్టెలో వచ్చినను మాకక్కఱలేదు. నిలిచినది విస్తరాకులో వచ్చినను గన్నుల కద్దుకొందుము.

మన యీ బలహీనతను వర్తకు లెఱుగుదురు. పొట్లము కంటికానదని, రంగుడబ్బాలలోఁ దీపిపానీయములు నింపి, వానిపై ఓ.ఆర్.ఎస్. అను నక్షరము లచ్చొత్తించి, పండ్లరుచి చేర్చి, మందులంగళ్లలో నెక్కువ వెలకు నమ్మిరి. అసలు ద్రావకము లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు మొదలుగా ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించిన కొలతలది. ఆ పానీయములలోఁ జక్కెర మెండు, ఉప్పు కొఱత. అధికమైన చక్కెర నీటిని బ్రేగులోనికే లాగి విరేచనములను హెచ్చించును. హైదరాబాదు నగరమునందలి శిశువైద్యురాలు శివరంజని సంతోష్‌గారు ఈ మోసముపై నేండ్ల తరబడిఁ బోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ, ఆ కొలతలకు సరిపడని పానీయములపై నా పేరు వాడరాదని యుత్తరువు చేసెను. వెల యెక్కువ పెట్టి తక్కువ మందును గొన్నవా రెవ్వరు? చదువఁగలవారే, మనమే!

కాఁబట్టి మా చదువరుల నేమి వేఁడుచున్నాము? పెద్ద త్యాగములను గాదు. ప్రతి యింటి వంటగదిలో నుప్పుజాడీ ప్రక్కను నాలుగు పొట్లము లుంచుఁడు. పొట్లముపై నెంత నీరు వ్రాసియున్నదో యంత నీటిలోనే, కాఁచి చల్లార్చిన నీటిలో, కలుపుఁడు. ఎక్కువయుఁ దక్కువయుఁ గాదు. ఒకనాఁడు కలిపినది మఱునాఁటి కుంచకుఁడు. విరేచన మయినప్పుడెల్లను, రెండేండ్లలోపు బిడ్డకు అర గ్లాసు లోపుగాను, పెద్దబిడ్డకు అంతకు రెట్టింపుగాను, చెంచాతోఁ ద్రాగింపుఁడు. వాంతి యైనచోఁ బది నిమిషము లాగి, మఱల మెల్లఁగా మొదలుపెట్టుఁడు. పొట్లము దొరకనిచోట లీటరు నీటికి అంచువఱకు సమముగా నిండిన చిన్నచెంచాలతో ఆఱు చెంచాల చక్కెరయు, అరచెంచా యుప్పును జాలును; కన్నీటికంటె నుప్పగా నున్నయెడలఁ బాఱఁబోసి మఱల కలుపుఁడు. జింకుమాత్రలను గూర్చి వైద్యుని నడిగి, 14 దినములు వేయుఁడు. బిడ్డ సోలినను, కన్నులు గుంటలు పడినను, త్రాగలేకపోయినను, విరేచనమున నెత్తురు పడినను, ఒక్క క్షణ మాలసింపక యాసుపత్రికిఁ గొనిపోవుఁడు.

వైద్యునియొద్ద నోరు తెఱవుఁడు. "అయ్యా, మాకు సీసా మీఁద మోజు లేదు, ద్రావకము చాలునా?" అని ముందుగా మీరే యడుగుఁడు. శస్త్రచికిత్సకుఁ బోవునపుడు "పట్టీ చదువుదురా?" అని యడుగుఁడు. బిడ్డ నెత్తుకొనవచ్చినవారు మామగారైనను, మంత్రిగారైనను సబ్బు చూపుఁడు. గుమ్మమునకు వచ్చిన యాశా కార్యకర్తను లోపలికిఁ బిలిచి పీఁట వేయుఁడు.

వీనికి ధన మక్కఱలేదు, యంత్ర మక్కఱలేదు. ఒకింత సిగ్గు విడువవలెను, ఒకింత గర్వము విడువవలెను. ఉప్పును, నీరును, సబ్బును, కాగితమును మన యింటనే యున్నవి. వానిని దక్కువగాఁ జూచు చూపును మాత్రము మనమే మాన్పుకొనవలెను. ఆ పని మనకై వేఱొకరు చేసిపెట్టలేరు.